వజీరు ఏమయ్యాడు?

ప్రశ్న: మేడమ్ గారూ, నేను హైదరాబాద్‌లో పదకొండో తరగతి చదువుతున్నాను. మా హిందీ సార్ ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ప్రేమ్‌చంద్ రాసిన ‘శతరంజ్ కే ఖిలాడీ’ కథను, సత్యజిత్ రే తీసిన అదే పేరున్న సినిమాను పోల్చి పది పేజీలు రాయాలి. నేను రెంటికీ మధ్య పద్నాలుగు తేడాలు వెతికి పట్టిక వేసి ఇచ్చాను. సార్ ఎర్ర ఇంకుతో ‘ఇది పట్టిక. నీ విశ్లేషణ ఏది?’ అని రాసి తిప్పి పంపారు. కథలో ఇద్దరు నవాబు సాహెబులూ కత్తులతో పొడుచుకుని చచ్చిపోతారు, సినిమాలో బతికే ఉంటారు. దర్శకుడు కథను పాడుచేశాడని రాయొచ్చా? ఏది గొప్పదో తేల్చి చెప్పాలా? ఇంకో సంగతి, మా క్లాసులో చాలామంది నెట్‌లో సారాంశం చూసి రాసేస్తున్నారు. నాకు హిందీ చదవడం చాలా నెమ్మది. నేనూ అలా చేస్తే తప్పా? పదిహేను రోజులే టైముంది.

సమాధానం:

అమ్మా, మీ సార్ రాసిన ఆ ముక్కను దాచకుండా చెప్పావు, అందుకు ముందుగా సంతోషం. నేను ఇరవై ఏళ్ళకు పైగా హిందీ పండిట్‌గా పనిచేశాను. ఇలాంటి పట్టికలు కట్టలు కట్టలుగా దిద్దాను. పట్టిక వేయడం తప్పేమీ కాదు, అది మొదటి మెట్టు. పెళ్ళికి వెళ్ళొచ్చిన మనిషి విస్తట్లో పద్నాలుగు రకాలు వడ్డించారని లెక్క చెప్పి ఊరుకుంటే, వినేవాళ్ళకు ఆ వంట రుచి తెలియదు కదా. నువ్వు ఆగిపోయింది అక్కడే.

ముందు సారాంశం సంగతి చూద్దాం, నువ్వు సగం భయంతో, సగం ఆశతో అడిగిన ప్రశ్న అదే కాబట్టి.

కథ జరిగేది లక్నోలో, అవధ్ రాజ్యపు ఆఖరి నవాబు వాజిద్ అలీ షా కాలంలో. మీర్జా సజ్జాద్ అలీ ఇంట్లో, మిత్రుడు మీర్ రోషన్ అలీతో చదరంగం సాగుతుంటుంది. లోపల బేగానికి తలనొప్పి. రమ్మని ఎన్నిసార్లు కబురుపెట్టినా ఆయన కదలడు. చివరికి ఆవిడే వచ్చి పావులన్నీ విసిరేస్తుంది. అక్కణ్ణించి మిత్రులిద్దరూ మకాం మీర్ రోషన్ అలీ ఇంటికి మారుస్తారు. అక్కడ ప్రేమ్‌చంద్ ఒక వాక్యం రాశాడు. ‘కిసీ అజ్ఞాత్ కారణ్ సే’, అంటే ఏదో తెలియని కారణం వల్ల, మీర్ సాహెబు ఇంటికి దూరంగా ఉండడమే మేలని ఆయన బేగం అనుకునేదట. అందుకే ఆయన ఆటను ఆవిడ ఏనాడూ తప్పుపట్టలేదు. బయల్దేరడం ఆలస్యమైతే ఆవిడే గుర్తుచేసేది కూడా. దాంతో, నా భార్య ఎంత అణకువైనది అని మీర్ సాహెబు మురిసిపోయేవాడు.

ఇప్పుడు నెట్‌లో సారాంశం ఎలా ఉంటుందో చూడు: ‘మీర్ భార్యకు మరొకరితో సంబంధం ఉంది.’ అబద్ధమేమీ కాదు. కానీ ‘తెలియని కారణం’ అన్న రెండు మాటల్లో రచయిత ఎంత పని చేశాడో అందులో ఒక్క పిసరు లేదు. ఆ కారణం రచయితకు తెలుసు, మనకూ తెలిసిపోతుంది. తెలియనివాడు ఆ ఇంటి యజమాని ఒక్కడే. ఆ మాట చదువుతుంటే రచయిత మనవైపు చూసి కనుసైగ చేసినట్టుంటుంది. ఆ సైగ సారాంశంలోకి రాదు, నువ్వు రాయాల్సిందేమో దాని గురించే. కాబట్టి తప్పా ఒప్పా అన్న మాట అలా ఉంచి, సారాంశం నీ పనికి రాదని చెబుతున్నాను. గంట, గంటన్నరలో అయిపోయే కథ. హిందీ నెమ్మది అంటే రోజుకు రెండు పేజీలు చదువు, కష్టంగా ఉన్నచోట తెలుగు అనువాదం పక్కన పెట్టుకో. నెమ్మదిగా చదివేవాళ్ళకు ఒక లాభం ఉంది. ఇలాంటి మాటలు వాళ్ళ కళ్ళను దాటిపోవు.

ఇదే ఘట్టం సినిమాలో ఎలా ఉందో గుర్తుచేసుకో. ‘ఏదో తెలియని కారణం’ అన్న మాటను కెమెరా ఎలా చూపిస్తుంది? చూపించలేదు. తెర మీద మనిషైనా కనపడాలి, ఖాళీ అయినా కనపడాలి. అందుకే రే ఒక మనిషిని పెట్టాడు. మీర్ వేళకాని వేళ ఇంటికొస్తాడు. పడగ్గదిలో మంచం కింద అకీల్ అనే బంధువుల కుర్రాడు. ఆ పాత్ర వేసింది ఫరూక్ షేఖ్. సైన్యంలో చేరమని పట్టుకుపోతారేమోనన్న భయంతో దాక్కున్నాడని ఒక కథ అల్లి చెబుతారు. మీర్ వేషంలో ఉన్న సయీద్ జాఫ్రీ మొహం చూడు, నమ్మేశాడు. నమ్మడమే కాదు, తనకూ ఆ భయం పట్టుకుంది. కథలో రచయిత చేసిన కనుసైగ సినిమాలో ఒక నటుడి మొహం అయింది. ఇలా చెప్పగలిగితే అది విశ్లేషణ అవుతుంది.

అక్కడితో ఆగకు. కథలో మీర్ ఇంటికి ఒక గుర్రపు రౌతు వస్తాడు, నవాబు గారి సైన్యంలోకి పిలుపొచ్చిందంటూ. మీర్ గుండెలు జారిపోతాయి. మర్నాటినుంచి చదరంగం బల్ల చంకన పెట్టుకుని, గోమతి ఒడ్డున పాడుపడ్డ మసీదుకు మీర్జాతో కలిసి పారిపోతాడు. ఆ రౌతు నిజమైన రౌతు కాడు, బేగం మనిషే. వాళ్ళిద్దరూ మీర్ అమాయకత్వం తలుచుకుని నవ్వుకోవడం కూడా ప్రేమ్‌చంద్ రాశాడు. చూశావా, కథలో సైన్యం పేరు చెప్పి భర్తను ఇల్లు దాటించారు. సినిమాలో సైన్యం పేరు చెప్పి ప్రియుణ్ణి ఇంట్లో దాచారు. రెండు చోట్లా సైన్యమనేది ఇంట్లోవాళ్ళు ఆడే ఒక అబద్ధం మాత్రమే. నిజం సైన్యం మాత్రం మరోవైపునుంచి, ఈస్టిండియా కంపెనీ జెండాతో, నవాబును దించడానికి నడిచి వస్తోంది. ఈ ఒక్క సంగతి మీదే నువ్వు రెండు పేజీలు రాయొచ్చు. నీ పట్టికలో ఇది ‘ఏడో తేడా: సినిమాలో అకీల్ పాత్ర ఉంది, కథలో లేదు’ అని ఒక్క వరుసలో అయిపోయింది.

ఇక ముగింపు. నీ కోపమంతా దాని మీదే కదా. దీని దగ్గర కొంచెంసేపు కూర్చుందాం.

కథ చివర్లో గొడవ ఎలా మొదలవుతుందో మళ్ళీ చదువు. మీర్ వజీరు చచ్చే పరిస్థితి వస్తుంది. ప్రేమ్‌చంద్ దాన్ని ‘ఫర్జీ’ అన్నాడు, మన ఇళ్ళల్లో తాతయ్యలు మంత్రి అంటారు. ఎత్తు వేశావా లేదా అన్న మాటతో మొదలై, నీ తండ్రి గడ్డి కోశాడు, నీ పెద్దలు వంటవాళ్ళు అన్నదాకా వెళ్ళి, కత్తులు దూస్తారు. ఇద్దరూ అక్కడే పడిపోతారు. అప్పుడు రచయిత అంటాడు: తమ రాజు కోసం ఒక్క కన్నీటి బొట్టు రాల్చనివాళ్ళు, చదరంగంలో వజీరును కాపాడుకోడానికి ప్రాణాలిచ్చారు. బల్ల మీద పరిచిన ఆట అలాగే ఉంది. రెండు వైపులా రాజులు సింహాసనాల మీద కూర్చుని ఈ వీరుల చావుకు ఏడుస్తున్నట్టున్నారు. కూలిన గోడలూ విరిగిన కమానులూ శవాలను చూసి తలలు బాదుకుంటున్నాయి.

అంతకు కొంచెం ముందు ఇంకో మాట ఉంది, దాన్ని నువ్వు గీత గీసి పెట్టుకోవాలి. ఇద్దరూ విలాసపురుషులే కానీ పిరికివాళ్ళు కారు. వాళ్ళలో రాజకీయ భావం అడుగంటింది, వ్యక్తిగత శౌర్యం మాత్రం ఉంది. కథకు ఆయువుపట్టు ఇదే అని నా నమ్మకం. వాళ్ళను చంపకపోతే ప్రేమ్‌చంద్ ఈ మాట రుజువు చేయలేడు. పిరికివాళ్ళయితే జాలిపడి వదిలేయొచ్చు. ధైర్యం ఉండీ దాన్ని బల్ల మీది కొయ్యముక్క కోసం ఖర్చుపెట్టారంటే, ఆయనకు వచ్చిన కోపం వేరు. ఈ కథ 1924లో అచ్చయింది. గాంధీజీ గోరఖ్‌పూర్ వచ్చి మాట్లాడాక, 1921లో ప్రేమ్‌చంద్ సర్కారు ఉద్యోగం వదిలేశాడు. సహాయ నిరాకరణ ఉద్యమం లేచి, ఆగిపోయిన రోజులవి. 1856 లక్నో గురించి రాస్తూ ఆయన తన కాలం మనుషులతోనే మాట్లాడుతున్నాడని నాకనిపిస్తుంది. నువ్వు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, కాకపోతే ఎందుకు ఒప్పుకోవో రాయి.

సినిమాలో గొడవ తాతతండ్రుల గురించి కాదు. మీర్జా కోపంలో మీర్ భార్య సంగతి బయటపెడతాడు. మీర్ తుపాకి తీస్తాడు, అది పేలుతుంది, మీర్జా ప్రాణానికి ఏమీ కాదు. తర్వాత ఇద్దరూ కాసేపు విడివిడిగా సిగ్గుతో నలిగిపోతారు. భార్యలతోనే వేగలేని మనం కంపెనీ సైన్యంతో ఏం వేగుతాం అనుకుంటారు. మొహాలు దాచుకోడానికి చీకటి కావాలి, పొద్దుగూకాక ఇంటికి పోదాం అనుకుంటారు. మళ్ళీ బల్ల ముందు కూర్చుంటారు. ఈసారి ఇంగ్లీషు పద్ధతి ఆట. ఆ పద్ధతిలో రాజు పక్కన వజీరు ఉండడు, రాణి ఉంటుంది. వజీరును పక్కకు తప్పుకోమని, మలికా విక్టోరియా వేంచేస్తున్నారని మీర్జా అంటాడు.

ఇక్కడ ఆగి చూడు. కథ ముగిసింది వజీరు మీద, సినిమా ముగిసిందీ వజీరు మీదే. ప్రేమ్‌చంద్ మనుషులు వజీరును కాపాడబోయి చచ్చారు. రే మనుషులు వజీరును తమ చేత్తోనే తప్పించి, ఆ గడిలో పరాయి రాణిని కూర్చోబెట్టి బతికిపోయారు. రే ఆ కథను పక్కన పడేసి వేరే ముగింపు తెచ్చి అతికించలేదమ్మా. కథలోని ఆఖరి పావునే పట్టుకుని దాన్ని వేరే గడిలోకి జరిపాడు. దీనికి అతను సినిమాలో ముందే రంగం సిద్ధం చేశాడు. మున్షీ నందలాల్ అనే పెద్దమనిషి వచ్చి ఇంగ్లీషువాళ్ళు చదరంగం ఎలా ఆడతారో వివరించే ఘట్టం ఉంది. మొదటిసారి చూసినప్పుడు అది సరదా కబుర్లాగా అనిపించి ఉంటుంది. రెండోసారి చూడు.

పాడుచేశాడా అన్న నీ ప్రశ్నకు నా అభిప్రాయం చెబుతాను. చావు కంటే ఆ బతుకే నన్ను ఎక్కువ బాధించింది. చనిపోయినవాళ్ళ కథ అక్కడికి అయిపోతుంది. వీళ్ళు పొద్దుగూకాక ఇంటికి పోతారు, మర్నాడు లేస్తారు, కొత్త దొరల కింద కొత్త పద్ధతిలో ఆడతారు. అయితే రే దగ్గర లేనిది కూడా చెప్పాలి. ‘వ్యక్తిగత శౌర్యం ఉంది’ అన్న ఆ చేదు మాట సినిమాలో నిలవదు. తుపాకి పేలిన తీరులో శౌర్యమేమీ లేదు. అది నిజమైన నష్టమే. నీ కోపం ఇక్కడ పెట్టి రాస్తే నిలబడుతుంది. ‘పాడుచేశాడు’ అని రాస్తే మీ సార్ మళ్ళీ ఎర్ర ఇంకు తీస్తారు. ‘కథ వాళ్ళకు ధైర్యం ఇచ్చి నేరం మోపింది, సినిమా ధైర్యం తీసేసి సిగ్గు ఇచ్చింది, నాకు మొదటిదే న్యాయంగా తోస్తుంది, ఎందుకంటే...’ అని రాస్తే ఆయన తర్వాతి పేజీ తిప్పుతారు. ఏది గొప్పదో తేల్చమని ప్రశ్నలో అడగనంతవరకూ నువ్వు తేల్చక్కర్లేదు. అడిగితే ఇలా ఒక విషయం మీద నిలబడి తేల్చు.

నవాబు సంగతి త్వరగా చెప్పేస్తాను. కథలో వాజిద్ అలీ షా బందీగా పోతూ దూరాన కనిపిస్తాడు, అంతే. సినిమాలో ఆ పాత్రకు అమ్జద్ ఖాన్‌ను పెట్టి, అవతల రెసిడెంటు, అంటే లక్నోలో కంపెనీ ప్రతినిధి, ఔట్రామ్‌గా రిచర్డ్ అటెన్‌బరోను పెట్టి, సగం సినిమా వాళ్ళకిచ్చాడు రే. చదరంగం ఇక్కడ రెండు బల్లల మీద సాగుతుంది. ప్రేమ్‌చంద్ పాఠకులకు అవధ్ కథ ఇంట్లో విన్న కథ. 1977లో సినిమా చూసేవాళ్ళందరికీ అది తెలియదు, అందుకే మొదట్లో వ్యాఖ్యానం, బొమ్మలతో ఆడించిన చరిత్ర పాఠం. చరిత్ర దగ్గర ఒక జాగ్రత్త: అవధ్‌ను కంపెనీ కలుపుకున్నది 1856 ఫిబ్రవరి 7న. నవాబు ఒప్పందం మీద సంతకం పెట్టనన్నాడు, తర్వాత మార్చిలో కలకత్తా బయల్దేరాడు. సైన్యం వచ్చి బందీగా పట్టుకుపోయినట్టు ప్రేమ్‌చంద్ రాసింది కథ కోసం కుదించిన సంగతి. దాన్ని ‘రచయిత చేసిన తప్పు’ అని రాయకు. కుదించడం వల్ల కథకు ఏం కలిసొచ్చిందో రాయి: రాజు పట్టుబడడమూ వీళ్ళ ఆట సాగడమూ ఒకే పూట పక్కపక్కన కనబడతాయి.

ఇంకో చిన్న జాగ్రత్త. సినిమాలోని ఉర్దూ మాటలు ఉటంకిస్తూ ‘రే రాసిన సంభాషణ’ అని రాస్తుంటారు పిల్లలు. రేకు ఉర్దూ రాదు. స్క్రీన్‌ప్లే ఆయన ఇంగ్లీషులో రాసుకుంటే, సంభాషణలు షమా జైదీ, జావేద్ సిద్దిఖీ రాశారు. కథకు కూడా హిందీ పాఠం ఒకటి, ‘శతరంజ్ కీ బాజీ’ అనే ఉర్దూ పాఠం ఒకటి ఉన్నాయి. రెండూ అక్షరం అక్షరం ఒకటి కావు. నువ్వు చదివింది హిందీ అని మొదటి పేజీలోనే ఒక ముక్క రాసిపెట్టు.

మన తెలుగుకు సంబంధించిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. అదే 1977లో ప్రేమ్‌చంద్ మరో కథ ‘కఫన్’ను మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ పేరుతో తెలుగులో తీశాడు. ఉత్తరాది పల్లెను తెలంగాణ పల్లెగా మార్చాడు. పురిటినొప్పులతో లోపల కోడలు విలవిల్లాడుతుంటే తండ్రీకొడుకులు బయట ఆలుగడ్డలు కాల్చుకు తినే కథ అది. ఒకడు లేచి లోపలికి వెళితే రెండోవాడు ఎక్కువ తినేస్తాడేమోనని ఇద్దరూ కదలరు. ఆ ఏడాది జాతీయ అవార్డుల్లో ఉత్తమ హిందీ చిత్రం రేది, ఉత్తమ తెలుగు చిత్రం మృణాల్ సేన్‌ది. ఒకే రచయిత, ఇద్దరు బెంగాలీ దర్శకులు, ఇద్దరివీ తమ మాతృభాష కాని భాషలు. ఒకరు చోటు మార్చకుండా ముగింపు మార్చారు, ఒకరు చోటే మార్చేశారు. దొరికితే చూడు. ప్రాజెక్టులోకి తెస్తే ఒక్క పేరాకు మించనివ్వకు, లేదంటే నీ వజీరు మరుగున పడిపోతాడు.

ఇక పదిహేను రోజుల సంగతి. మొదటి నాలుగైదు రోజులు కథకే ఇవ్వు. సినిమా ఒకసారి ఆపకుండా చూడు, ఇంట్లోవాళ్ళతో కలిసి చూసినా మంచిదే. తర్వాత ఒక్క ఘట్టాన్ని తీసుకుని ఆపుతూ ఆపుతూ చూడు. ఉదాహరణకు తలనొప్పి ఘట్టం. కథలో బేగం గొంతు చావడిదాకా వినబడుతుంది, మీర్ సాహెబును ఆవిడ ‘మీర్ బిగాడూ’ అని తిడుతుంది, అంటే సంసారాలు చెడగొట్టేవాడని. ఈలోపు ఆ మీర్ సాహెబు రెండు పావులు అటూ ఇటూ మార్చి, ఏమీ ఎరగనట్టు బయట పచార్లు చేస్తుంటాడు. సినిమాలో షబానా ఆజ్మీ దగ్గర ఆ తిట్లకన్నా మౌనం ఎక్కువ. మంచం మీద ఆవిడ, గుమ్మంవైపు మనసు పెట్టుకున్న మీర్జా. ఆ గదిలో ఎవరు ఎటు తిరిగి ఉన్నారు, తెర కదిలిందా, వెలుగు ఎక్కడ పడుతోంది, ఎవరి మొహం ఎంతసేపు చూపించారు, ఇవి కాగితం మీద రాసుకో. పాఠాల్లో ఇచ్చే పెద్ద పెద్ద సాంకేతిక పదాలు తెలియకపోతే బెంగపడకు. ‘కెమెరా ఆవిడ మొహం మీదే ఆగింది, భర్త గొంతు మాత్రం వినబడుతోంది’ అని తేలిక మాటల్లో రాస్తే చాలు.

నీ పద్నాలుగు తేడాల్లో మూడు ఉంచుకో. మంచం కింద మనిషి, తలనొప్పి గది, వజీరు గడి. నాకు తోచిన మూడు ఇవి, నీకు వేరే మూడు తోచొచ్చు, అవే తీసుకో. మిగతా పదకొండూ కొట్టెయ్యి. కొట్టేయడానికి చెయ్యి రాదని తెలుసు, అంత కష్టపడి వెతికావు. నోటుబుక్కు వెనకపేజీలో ఉంచుకో. ప్రతి ఘట్టానికీ కథలోంచి ఒక వాక్యం, సినిమాలోంచి నువ్వు కళ్ళారా చూసిన ఒక దృశ్యం, వాటి కింద నీ మాట. నీ మాట మొదట్లో ‘నాకనిపిస్తుంది’ అని రాయడానికి జంకకు, కానీ దాని పక్కనే ‘ఎందుకంటే’ ఉండాలి.

ఆఖరి ఘట్టాన్ని మొదట రాయి. మిగతా రెండూ దాని వెనకాలే వస్తాయి. వారం రోజుల్లో ఆ రెండు పేజీలు నాకు పంపితే చూసి రాస్తాను.